సార్వభౌమత్వం ఎవరి చేతిలో ఉన్నది? – గ్రేటర్ నోయిడా ఉదాహరణ

2023 మే నెలలో ఉత్తర ప్రదేశ్‌లో పట్టణ స్థానిక సంస్థలకు ఎన్నికలు జరిగినవి. ఢిల్లీకి ఆగ్నేయాన గల గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో దాద్రీ పురపాలక సంఘానికి, దన్కౌర్, బిలాస్‌పూర్, రబూపురా, జేవర్, జహంగీర్‌పూర్ నగర పంచాయతీలకు ప్రజలు తమ ప్రతినిధులను ఎన్నుకున్నారు. వీటిలో దన్కౌర్ చాల చిన్న ఊరు. ద్రోణాచార్యుని పేరుతో అక్కడ ఒక పురాతన దేవాలయం ఉన్నది. ఏకలవ్యుని కథను కూడ ఆ ఊరి పెద్దలు తమ ఊరికే ముడిపెట్టి చెప్పుకుంటారు. అంతటి చిన్న ఊరికి కూడ ఓటర్లు ఎన్నుకున్న అధ్యక్షుడు ఉంటాడు. దాని ప్రక్కనే విశాలమైన రహదారులతో, కర్మాగారాలతో, విశ్వవిద్యాలయాలతో, ఇరవై ముప్పై అంతస్తుల నివాస సముదాయాలతో విస్తరించిన గ్రేటర్ నోయిడా నగరంలో మాత్రం ఆ ఎన్నిక జరగలేదు. ఓటు వేయటానికి అక్కడ పురపాలక సంఘమే లేదు.

ఆ నగరవాసి లోకసభకు ఓటు వేస్తాడు. దాద్రీ లేక జేవర్ నియోజకవర్గం నుంచి శాసనసభకు ఓటు వేస్తాడు. దేశాన్ని ఎవరు పాలించవలెనో నిర్ణయించే హక్కు అతనికి ఉన్నది కాని, తన వీధిలోని మురుగు కాలువను ఎవరు బాగుచేయించవలెనో నిర్ణయించే హక్కు లేదు. ప్రజాస్వామ్యంలో పరమాధికారం ప్రజలదేనని పాఠశాలలో చదువుకున్న పౌరునికి ఇది విడ్డూరంగా తోచటం సహజం. ఆ అధికారం నిజంగా ఎక్కడ ఉన్నది, ఎవరి చేతుల మీదుగా నడుస్తున్నది అని తెలుసుకోగోరేవారికి ఈ నగరంకంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

ఈ ఏర్పాటు చట్టవిరుద్ధమైనది కాదు. 1976లో ఉత్తర ప్రదేశ్ శాసనసభ పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి చట్టాన్ని ఆమోదించినది. ఆ చట్టం క్రింద 1976 ఏప్రిల్ 17న నోయిడా, 1991 జనవరి 28న గ్రేటర్ నోయిడా పారిశ్రామిక అభివృద్ధి అథారిటీ ఏర్పడినవి. భూమిని సేకరించటం, నగర ప్రణాళిక తయారుచేయటం, స్థలాలను కేటాయించటం, రోడ్లు, నీరు, మురుగునీటి పారుదల ఏర్పాట్లు చేయటం, కట్టడాలను నియంత్రించటం దాని విధులు. అథారిటీ సభ్యులందరూ పదవి రీత్యా వచ్చినవారు, లేక రాష్ట్ర ప్రభుత్వం నియమించినవారు. నిత్య పాలనను నడిపేది ప్రభుత్వం నియమించిన ముఖ్య కార్యనిర్వహణాధికారి.

1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు మరుసటి సంవత్సరం అమలులోకి వచ్చి, గ్రామానికి పంచాయతీని, పట్టణానికి పురపాలక సంఘాన్ని రాజ్యాంగబద్ధం చేసినవి. అయితే 243-క్యూ అధికరణంలోనే ఒక మినహాయింపు ఉన్నది. ఏదైనా పారిశ్రామిక సంస్థ తన ప్రాంతంలో పౌర సదుపాయాలను సమకూర్చుతున్నపుడు, లేక సమకూర్చదలచినపుడు, గవర్నరు ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక నగరంగా ప్రకటించి అక్కడ పురపాలక సంఘం లేకుండ చేయవచ్చును. 2001లో ఉత్తర ప్రదేశ్ తన 1976 చట్టానికి 12-ఎ సెక్షనును చేర్చి, అట్లు ప్రకటించిన ప్రాంతాలలో పంచాయతీలు కూడ ఉండవని శాసించినది. ఈ చట్రంలోనే 2015లో గ్రామ పంచాయతీ ఎన్నికలు వచ్చినపుడు అథారిటీ పరిధిలోని గ్రామాలలో ప్రధాన్ ఎన్నిక జరగలేదు. 2021లోనూ జరగలేదు. ఒక ఉక్కు కర్మాగారపు కార్మికుల కాలనీ కోసం ఉద్దేశించినట్లు కనిపించే మినహాయింపు లక్షల జనాభా గల నగరానికి వర్తించినది.

సార్వభౌమత్వం అనే భావన ఐరోపాలో రాజుల కాలంలో రూపు దిద్దుకున్నది. ఫ్రెంచి పండితుడు ఝాన్ బోదాఁ 1576లో ప్రచురించిన గ్రంథంలో రాజ్యానికి ఒక పరమాధికారం ఉండితీరవలెననీ, అది విభజనకు లొంగదనీ వాదించాడు. నోయిడా చట్టానికి సరిగ్గా నాలుగు వందల సంవత్సరాల ముందటి మాట అది. 1651లో హాబ్స్, అరాచకాన్ని తప్పించుకోవటానికి మానవులు తమ అధికారాన్నంతా ఒక పాలకునికి అప్పగించారని అన్నాడు. 1762లో రూసో దానిని తలక్రిందులు చేసి ఆ అధికారం ప్రజలదే, దానిని మరొకరికి ధారాదత్తం చేయటం సాధ్యం కాదన్నాడు. మన కౌటిల్యుడు రాజ్యానికి స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని ఏడు అంగాలు చెప్పాడు. అందులో స్వామి మొదటివాడేగాని ఒంటరివాడు కాడు. బోదాఁ ఒక్క బిందువును వెదికినచోట కౌటిల్యుడు ఏడింటిని చూడటం గమనించదగినది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్ల న్యాయవేత్త ఆస్టిన్ ఒక పరీక్ష సూచించాడు. ఏ సమాజంలో అధిక సంఖ్యాకులు ఎవరికి అలవాటుగా విధేయులై ఉంటారో, ఎవరు తిరిగి మరెవరికీ విధేయులు కారో, అతడే సార్వభౌముడు. ఈ పరీక్షను గ్రేటర్ నోయిడాలో పెట్టి చూడవచ్చును. అక్కడి పౌరుడు అథారిటీ ఉత్తర్వుకు లోబడతాడు. అథారిటీ లక్నోలోని రాష్ట్ర ప్రభుత్వానికి లోబడుతుంది. ప్రభుత్వం శాసనసభకు జవాబుదారీ. శాసనసభ చేసే చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉండవలెను. రాజ్యాంగాన్ని పార్లమెంటు సవరించవచ్చును. ఆ సవరణను సుప్రీంకోర్టు పరిశీలించవచ్చును. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని పార్లమెంటు ఉభయసభల తీర్మానంపై రాష్ట్రపతి తొలగించవచ్చును. లోకసభను ఎన్నుకునేది మళ్ళీ ఆ పౌరుడే! నిచ్చెన ఎక్కుతున్నామనుకున్నవాడు చివరకు బయలుదేరిన మెట్టుకే చేరుకున్నాడు. ఆస్టిన్ వెదికిన శిఖరం ఇక్కడ లేదు; ఉన్నది ఒక వలయం.

ఈ వలయాన్ని తెగనివ్వకుండ కాపాడిన తీర్పులలో తెలుగు న్యాయమూర్తుల పాత్ర ఉన్నది. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, రాజమండ్రికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వాన ఆరుగురు న్యాయమూర్తులు, పార్లమెంటు ప్రాథమిక హక్కులను హరించే సవరణ చేయజాలదన్నారు. మిగిలిన ఐదుగురు విభేదించారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును మార్చి, పార్లమెంటు ఏ భాగాన్నైనా సవరించవచ్చును కాని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదని ఏడుగురి మెజారిటీతో నిర్ణయించినది. ఆ ఏడుగురిలో జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి ఒకరు. బ్రిటన్‌లో పార్లమెంటే పరమాధికారి అనే మాట చెల్లవచ్చును. ఇక్కడ పార్లమెంటుది కూడ ప్రజలు రాజ్యాంగం ద్వారా ఇచ్చిన అధికారమే.

అధికారం అప్పగింతగా వచ్చినదే అయితే దానిని చెలాయించే ఉద్యోగి 'నేను సార్వభౌముని తరఫున చేశాను, నన్ను అడుగరాదు' అనవచ్చునా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ముప్పై ఏళ్ళ వ్యవధిలో రెండు విధాల సమాధానాలు చెప్పినది. మొదటిది గ్రేటర్ నోయిడా ఉన్న పశ్చిమ ఉత్తర ప్రదేశ్‌లోనే, మీరట్‌లో పుట్టిన కేసు. 1947 సెప్టెంబరులో అమృతసర్‌కు చెందిన నగల వ్యాపార సంస్థ భాగస్వామి ఒకరు బంగారం, వెండి అమ్ముకోవటానికి మీరట్ వచ్చారు. పోలీసులు అతనిని నిర్బంధించి వంద తులాలకు పైబడిన బంగారాన్ని స్వాధీనం చేసుకున్నారు. దానిని భద్రపరచవలసిన హెడ్ కానిస్టేబులు అపహరించి పాకిస్తానుకు పారిపోయాడు. వెండి తిరిగి వచ్చినది, బంగారం రాలేదు. 1964లో కస్తూరీ లాల్ కేసుగా ప్రసిద్ధికెక్కిన తీర్పులో సుప్రీంకోర్టు, నిర్బంధించటం, స్వాధీనం చేసుకోవటం సార్వభౌమాధికార విధులు గనుక రాష్ట్రం నష్టపరిహారం ఇవ్వనక్కరలేదన్నది. అయితే ఇట్టి స్థితి సంతృప్తికరం కాదనీ, శాసనం చేయవలసి ఉన్నదనీ న్యాయమూర్తులే బాధతో పేర్కొన్నారు.

రెండవది ఆంధ్ర ప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసు. 1975 ఆగస్టులో నాగేంద్రరావు అండ్ కంపెనీ అనే ఎరువుల, ధాన్యం వ్యాపార సంస్థ సరుకును నిత్యావసర వస్తువుల చట్టం క్రింద అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఎరువు నిలువ ఉండేది కాదు, త్వరగా అమ్మివేయండి అని వ్యాపారి మొరపెట్టుకున్నా పట్టించుకున్నవారు లేరు. కడకు సరుకును విడుదల చేయవలెనని ఉత్తర్వు వచ్చేసరికి అది రాశిలోను, వాసిలోను చెడిపోయినది. పరిహారం కోసం దావా వేస్తే క్రింది కోర్టు అంగీకరించినది. హైకోర్టు మీరట్ బంగారం తీర్పును చూపి నిరాకరించినది. 1994లో సుప్రీంకోర్టు వ్యాపారి పక్షాన తీర్పు చెప్పినది. రాజు తప్పు చేయడు అనే పాత సూత్రానికి, సార్వభౌమత్వం ప్రజలలో ఉన్న దేశంలో చోటు లేదనీ, ప్రభుత్వోద్యోగి నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించవలెననీ వివరించినది. సార్వభౌమత్వాన్ని గురించిన ఇంత పెద్ద మాట, గోదాములో పాడైపోయిన ఎరువు మూటల మూలంగా వచ్చినదంటే ఆశ్చర్యమే.

రాజ్యం చేతిలో సార్వభౌమత్వపు గుర్తు మరింత స్పష్టంగా కనిపించేది భూసేకరణలో. ఇష్టమున్నా లేకున్నా ప్రజా ప్రయోజనం పేరిట పౌరుని భూమిని తీసుకునే అధికారం మరే సంస్థకూ లేదు. 1894 నాటి చట్టంలో రైతు అభ్యంతరాలను వినటానికి ఐదు-ఎ సెక్షను, అత్యవసరమైనపుడు ఆ విచారణను తప్పించటానికి పదిహేడవ సెక్షను ఉండేవి. గ్రేటర్ నోయిడా గ్రామాలలో ఆ రెండవదే మామూలు మార్గమైనది. పారిశ్రామికాభివృద్ధి అత్యవసరమని ప్రకటించటం, రైతు మాట వినకుండనే భూమి తీసుకోవటం, ఆ తరువాత సంవత్సరాల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడపటం జరిగినది. 2011 ఏప్రిల్‌లో రాధేశ్యామ్ కేసులో మకౌరా గ్రామ భూసేకరణను సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఒక పారిశ్రామిక ప్రణాళికకు ఏండ్లు పట్టేచోట, రైతుల అభ్యంతరాలు వినటానికి కొద్ది వారాలు దొరకవా అన్నది ఆ తీర్పులోని సారాంశం.

అదే సంవత్సరం జూలై 6న షాహ్‌బేరీ గ్రామం వంతు వచ్చినది. సుమారు 156 హెక్టార్ల భూమి పరిశ్రమల కోసమని తీసుకొని, భూ వినియోగాన్ని మార్చి, నివాస గృహాల బిల్డర్లకు కేటాయించారు. సుప్రీంకోర్టు సేకరణ రద్దును ధ్రువపరచి, అథారిటీపై పది లక్షల రూపాయల ఖర్చులు విధించినది. ప్రజా ప్రయోజనం అనే మాట మీద తీసుకున్న అధికారం ఆ ప్రయోజనానికే కట్టుబడి ఉండవలెనని అర్థం. ఆ నెలలోనే పట్వారీ గ్రామ సేకరణను అలహాబాదు హైకోర్టు రద్దుచేసినది. 2011 అక్టోబరు 21న గజ్‌రాజ్ సింగ్ కేసులో అదే హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, నోయిడా, గ్రేటర్ నోయిడా గ్రామాలకు సంబంధించిన వందలాది పిటిషన్లపై ఒకే తీర్పు ఇచ్చినది. మూడు గ్రామాలలో సేకరణ చెల్లదన్నది. మిగిలినచోట్ల అప్పటికే ఇండ్లు లేచి, వేలాదిమంది సొమ్ము చెల్లించి ఉన్నందున భూమిని తిరిగి ఇప్పించక, రైతులకు 64.7 శాతం అదనపు పరిహారం, అభివృద్ధి చేసిన భూమిలో పది శాతం ఇవ్వవలెనని ఆదేశించినది. 1985 నాటి కేంద్ర చట్టం క్రింద ఏర్పడిన జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి ఆమోదం లేకుండ నగర ప్రణాళికను అమలు జరుపరాదని కూడ ఆపినది. 2012 ఆగస్టులో ఆ ఆమోదం వచ్చేవరకు నిర్మాణాలు నిలిచిపోయినవి. 2015 మే 14న సావిత్రీదేవి కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పును నిలబెట్టినది. ఈలోగా పార్లమెంటు 1894 చట్టాన్ని రద్దుచేసి 2013లో కొత్త భూసేకరణ చట్టం చేసినది. అది 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది.

షాహ్‌బేరీ కథ అంతటితో ముగియలేదు. న్యాయస్థానంలో రైతు గెలిచాడు, భూమి తిరిగి వచ్చినది. తరువాత ఆ భూమి చిన్న చిన్న ముక్కలుగా చేతులు మారినది. అథారిటీ అనుమతి లేకుండ, వరుసగా బహుళ అంతస్తుల కట్టడాలు లేచినవి. తక్కువ ధరకు ఇల్లు దొరుకుతుందని మధ్యతరగతివారు కొనుక్కున్నారు. 2018 జూలై 17 రాత్రి అక్కడ ప్రక్కప్రక్కనే ఉన్న రెండు భవనాలు కూలి తొమ్మిదిమంది మరణించారు. బలవంతంగా లాక్కునేంత అధికారం ఒకప్పుడు అక్కడికి వచ్చినది. ఇటుక పేర్పును పరీక్షించే అధికారం సకాలంలో రాలేదు. రాజ్యాధికారం అతిగా ఉండటం వలన మాత్రమే ప్రజలకు హాని కలుగుతుందనుకోవటం పొరపాటని ఆ శిథిలాలు చెప్పినవి. ఎవరిని నిలదీయవలెనో తెలియని చోట కూడ హాని జరుగుతుంది. ఊరికి ప్రధాన్ ఉన్నంతమాత్రాన ఆ భవనాలు నిలిచేవని చెప్పలేము. కాని ఫిర్యాదు తీసుకొని ఎవరి గడప ఎక్కవలెనన్న సందేహం మాత్రం ఉండేది కాదు.

ఫ్లాట్లు కొన్నవారి వ్యథ వేరొక రకం. ఆమ్రపాలీ సంస్థ నోయిడా, గ్రేటర్ నోయిడాలలో నలభైవేలకు పైగా కొనుగోలుదారుల వద్ద సొమ్ము తీసుకొని ఇండ్లు అప్పగించలేకపోయినది. 2019 జూలై 23న సుప్రీంకోర్టు ఆ సంస్థ నమోదును రద్దుచేసి, నిర్మాణాలను పూర్తిచేసే బాధ్యతను కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఎన్.బి.సి.సి.కి అప్పగించినది. బకాయిల పేరిట కొనుగోలుదారుల ఇండ్లపై అథారిటీలకు హక్కు లేదన్నది. బాధితులకు ఇది గొప్ప ఊరట. అయినా ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం సిమెంటు, ఇనుముల లెక్కలు చూడవలసిరావటం ఆరోగ్య లక్షణం కాదు. మధ్యనున్న మెట్లు పనిచేయనపుడే జనం ఏకంగా చిట్టచివరి మెట్టుకు పరుగెత్తుతారు.

మధ్యనున్న మెట్టు సంగతి రాజ్యాంగ నిర్మాతలకు తెలియనిది కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ పరిషత్తులో గ్రామం విషయమై వేడివేడి చర్చ జరిగినది. గ్రామం సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయమని డాక్టర్ అంబేద్కర్ అభిప్రాయపడగా ఆచార్య రంగా తీవ్రంగా విభేదించారు. ముసాయిదాలో పంచాయతీల ప్రసక్తి లేని లోటును తీర్చటానికి కె. సంతానం ప్రతిపాదించిన సవరణను టంగుటూరి ప్రకాశం హృదయపూర్వకంగా బలపరిచారు. అదే 40వ అధికరణమైనది. కుల పెత్తందార్ల చేతిలో గ్రామాధికారం ఎట్లుండునో అంబేద్కర్ అనుభవపూర్వకంగా ఎరిగినవారు గనుక ఆయన భయాన్ని తేలికగా త్రోసిపుచ్చరాదు. అయితే పెత్తందారును ఐదేండ్ల కొకసారి ఓటుతో దింపవచ్చును. బదిలీపై వచ్చి బదిలీపై వెళ్ళే అధికారి విషయంలో ఆ అవకాశం కూడ లేదు.

తెలుగు పాఠకులకు ఈ సమస్య దూరపు కొండ కాదు. ఆంధ్ర ప్రదేశ్‌లో, తెలంగాణలో పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థల క్రింద పారిశ్రామికవాడ స్థానిక అథారిటీలు పనిచేస్తున్నవి. ఆ వాడలలో పన్ను వసూలుచేసి సదుపాయాలు సమకూర్చేది అవే. వసూళ్ళలో కొంత భాగాన్ని ప్రక్కనున్న పంచాయతీకో, పురపాలక సంఘానికో చెల్లిస్తారు. కర్మాగారాలు మాత్రమే ఉన్నచోట ఇది సౌకర్యమే. కర్మాగారం చుట్టూ ఇండ్లు, ఇండ్ల చుట్టూ బడులు, బజారులు పెరిగినపుడు గ్రేటర్ నోయిడా ప్రశ్న అక్కడా ఎదురుకాక తప్పదు. అథారిటీని సమర్థించేవారి వాదంలోనూ బలం లేకపోలేదు. ప్రణాళికాబద్ధమైన వెడల్పాటి రోడ్లు, ముందే వేసిన మురుగు గొట్టాలు, తగవులు లేని స్థల కేటాయింపు పాత పురపాలక సంఘాలలో ఎన్ని చోట్ల కనిపిస్తాయి? నగరాన్ని నిర్మించటానికి ఒక రకం అధికారం కావలెను, నిర్మించిన నగరంలో కాపురముండటానికి మరొక రకం కావలెను. మొదటిది రెండవదానికి ఎప్పుడు తావు ఇవ్వవలెనో 1976 చట్టంలో చెప్పలేదు.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, నోయిడా అథారిటీకి సంబంధించిన ఒక కేసులో ప్రత్యేక దర్యాప్తు బృందం నివేదికను పరిశీలిస్తూ, ఆ అథారిటీ స్థానంలో పౌరులకు జవాబుదారీ అయిన మెట్రోపాలిటన్ కార్పొరేషనును ఏర్పరచే విషయం రాష్ట్ర మంత్రిమండలి ముందుంచవలెనని సూచించినది. ఆ మాట హిండన్ నదికి ఈవల ఉన్న నోయిడాను గురించినది. ఆవల ఉన్న గ్రేటర్ నోయిడా కూడ అదే చట్టానికి పుట్టినది. పట్వారీలో, మకౌరాలో చివరి ప్రధాన్ పదవీకాలం ముగిసి దశాబ్దం గడిచినది. దన్కౌర్‌లో మాత్రం ఓటర్లు తమ నగర పంచాయతీ అధ్యక్షుని ఇప్పటికీ తామే ఎన్నుకుంటున్నారు.